మే నెలలో పదిమందితో పక్షులు చూడాలంటే: ఇసకపల్లి ఉప్పు కొటార్లు

మేలో నెల్లూరు నుంచి పదిమందిని పొద్దున్నే పక్షులు చూపించడానికి తీసుకెళ్లాలి, నేలపట్టు పక్షుల కేంద్రం బాగుంటుందా అని ఒకరు అడిగారు. ఆ నెలలో నేలపట్టు వద్దండి. అక్కడ గూడబాతుల సందడంతా వానల తర్వాత, చలికాలంలోనే. అల్లూరు మండలం ఇసకపల్లి ఉప్పు కొటార్లకు, అంటే సముద్రపు నీళ్లు ఎండబెట్టి ఉప్పు తీసే మడులకు వెళ్లండి. ఒంగోలు వైపు వాళ్లకైతే కనుపర్తి కొటార్లు.

కొటార్లలో అన్ని మడులూ ఒకటి కావు. ఉప్పు తెల్లగా గడ్డకట్టే మడిలో పిట్టకు తిండి దొరకదు. సముద్రపు నీళ్లు మొదట నిలవబెట్టే పెద్ద మడుల్లో చేపపిల్లలుంటాయి, కొంగలూ నీటికాకులూ అక్కడ చేరతాయి. ఆ రెంటికీ మధ్య, నీళ్లు సగం చిక్కబడిన మడుల్లో సన్న రొయ్య పురుగులు, ఈగల లార్వాలు పెరుగుతాయి. బురదలో ముక్కు గుచ్చి తినే పిట్టలన్నీ అక్కడే. మీ సమయం ఎక్కువ వాటి దగ్గరే పెట్టండి.

చలికాలపు బాతులు అప్పటికి ఉత్తరానికి వెళ్లిపోయి ఉంటాయి. ఈ ఏడాది జత కట్టని కుర్ర ఉల్లంకులు (బురదలో తినే వలస పిట్టలు) కొన్ని మాత్రం ఇక్కడే ఆగిపోతాయి. అసలు చూడాల్సింది స్థానికులను: తీతువులు, గులాబీ రంగు పొడుగు కాళ్ల నల్లరెక్కల పిట్టలు, నీళ్ల మీద నిలిచి ఎగురుతూ దూకే చిన్న టెర్న్‌లు. ఇవి గుడ్లు పెట్టేది ఈ ఎండల్లోనే, అదీ కటిక నేల మీద.

అందుకే గుంపుతో వెళ్లేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యం ఇది. గూడంటే అరచేతి పాటి గుంట, చుట్టూ నాలుగు గవ్వ ముక్కలు. తీతువు గుడ్లు సాధారణంగా నాలుగు, మట్టి రంగు మీద నల్ల మచ్చలు, కోసుగా ఉన్న కొసలు లోపలికి తిప్పి ఉంటాయి. రెండడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనవు. ఎండ ముదిరాక తల్లి గుడ్ల మీద నిలబడేది నీడ పట్టడానికి. పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి మరీ వాటిని చల్లబరుస్తుంది. మనం పదిమందిమి గట్టు మీద నిలబడి ముచ్చట్లు పెట్టుకుంటే అది దగ్గరికి రాలేదు, గుడ్డులో పిల్ల ఆ వేడికి చచ్చిపోతుంది. కాకి కూడా ఆ సందు కోసమే చూస్తుంటుంది. తీతువు నెత్తి మీద తిరుగుతూ అరిచినా, చిన్న పిట్ట ఏదైనా రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నడిచినా, గూడు వెతక్కండి. వచ్చిన దారినే వెనక్కి రండి.

గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. అంచు మీద కాలు పెడితే గట్టు విరిగి, వారాల తరబడి చిక్కబెట్టిన నీళ్లు పోతాయి. అది ఉప్పు రైతు కూడు. ముందు రోజే వాళ్లను అడిగి, ఏ గట్టు మీద నడవచ్చో చెప్పించుకోండి. ఎండిన మడిలోకి అసలు దిగొద్దు, పైన ఉప్పు పెళ్ల, కింద మోకాలి లోతు బురద ఉండొచ్చు.

సూర్యోదయం 5:45 అటూ ఇటూ. 5:30కి నడక మొదలుపెట్టి 8కి బండి దగ్గరికి చేరాలి. సముద్రం వైపు నుంచి పడమటికి నడిస్తే ఎండ వీపు మీద పడి పిట్ట రంగులు తెలుస్తాయి. ఎదురెండలో అన్నీ నల్లగానే కనిపిస్తాయి. ఎనిమిది దాటితే నేల మీద గాలి మరుగుతుంది, టెలిస్కోపులో వంద మీటర్ల అవతలి పిట్ట నీళ్లలో నీడలా ఊగుతుంది. పొద్దు పెరిగేకొద్దీ జూమ్ 20–30 రెట్లకు తగ్గించండి, స్టాండు పొడుగ్గా పెట్టండి, వేడి కదలిక నేలకు దగ్గరే ఎక్కువ. బైనాక్యులర్స్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి) చాలు. ఎక్కువ పవర్‌దైతే గాలికి చెయ్యి వణికి ఏదీ నిలవదు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పైన ఉప్పేసిన మజ్జిగ. టోపీ తప్పనిసరి, కొటార్లలో చెట్టు నీడ దొరకదు. లెక్క రాసే పని ఒక్కరికే అప్పగించండి, పదిమంది రాస్తే ఒకే పిట్ట మూడుసార్లు పడుతుంది. గూడు కనబడితే దాని ఫోటో గానీ లొకేషన్ గానీ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, మర్నాడు ఇంకో పదిమంది అక్కడే నిలబడతారు.