సొట్ట ఆగుతుంది, ఈఎంఐ ఆగదు

ప్రశ్న: నా వయసు 34. గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 48,000 వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ (61) నాతో ఉంటారు. అద్దె 11,000, ఇంటి ఖర్చు 17,000, పాప స్కూలు 4,000, అమ్మ మందులు 2,500, పర్సనల్ లోన్ ఈఎంఐ 6,200 (ఇంకా 14 వాయిదాలు), సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 3,000. బ్యాంకులో 40,000 ఉంది. కంపెనీ ఆరోగ్య బీమా 3 లక్షలకు ఉంది, అందులో అమ్మ లేదు. టర్మ్ పాలసీ (జీవిత బీమా) తీసుకోలేదు. రెండేళ్ల క్రితం నాన్న పోయారు. ఆయన 1972 జావా 250 మోటార్‌సైకిల్ నా దగ్గరుంది. ట్యాంకు ఎడమవైపు అరచేయంత సొట్ట పడింది, ముందు మడ్‌గార్డు నొక్కుకుపోయింది, టూల్‌బాక్స్ మూత వంకరపోయింది. అన్నీ ఒరిజినల్ పార్టులే. మొత్తం రీస్టోర్ చేయడానికి ఒక షెడ్డులో 1.65 లక్షలు చెప్పారు. పాత ట్యాంకు వాళ్లు తీసుకుని కొత్తది వేస్తారట. నా భార్య గాజుల మీద లక్ష గోల్డ్ లోన్ (ఏడాది తర్వాత ఒకేసారి కట్టేది), మిగతా 65,000 క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐ (16 శాతం) తీసుకుందామనుకుంటున్నాను. ఇలాంటి బండ్ల రేట్లు పెరుగుతున్నాయి కాబట్టి పెట్టుబడి కూడా అవుతుంది. మొత్తం ఒకే లోన్ తీసుకోవాలంటే ఏది మంచిది? బండి ఆర్‌సీ గడువు, ఇన్సూరెన్స్ అయిపోయాయి. ఆదివారాలు మాత్రం కాసేపు తిప్పుతుంటాను.

జవాబు: ఏదీ వద్దు.

మీ లెక్కలు మీరే రాశారు కానీ కూడలేదు. అన్నీ కలిపితే 43,700. మిగిలేది 4,300. మీరు చెప్పిన కార్డు ఈఎంఐ దాదాపు 5,900, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. అంటే మొదటి నెలలోనే 1,600 తక్కువ. అది ఎక్కడి నుంచి వస్తుంది? మళ్లీ అదే కార్డు గీకుతారు. రెండు మూడు నెలలకు మినిమమ్ డ్యూ కట్టి ఊరుకోవడం మొదలవుతుంది, అక్కడ వడ్డీ నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి గోల్డ్ లోన్ అసలు, వడ్డీ కలిపి లక్షా పదివేల పైచిలుకు ఒక్కసారిగా కట్టాలి. ఏ డబ్బుతో కడతారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. గాజులు పెట్టడానికి మీ ఆవిడ ఒప్పుకున్నారో లేదో కూడా లేదు.

ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తాయి కాబట్టే దీన్ని ఎంచుకున్నాను. ఒకరికి పాత బుల్లెట్, ఒకరికి ఇంటి పైకప్పు, మరొకరికి పెళ్లి. తప్పు మాత్రం ఒకటే, బిల్లు ఎంతవుతుందో తేలని పనికి అప్పు తేవడం. నా క్లయింట్ ఒకాయన బుల్లెట్ బాగు చేయిద్దామని 90,000 అంచనాతో పర్సనల్ లోన్ తీసుకున్నారు. బిల్లు లక్షా 70 వేలకు చేరింది. పందొమ్మిది నెలలు బండి గోనెసంచుల్లో ముక్కలుగా ఉంది. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా ఐదో తారీఖున ఠంచనుగా కట్ అయ్యేది.

ఆయనతో పాటు ఒకసారి విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డుకు వెళ్లాను. మేస్త్రి ట్యాంకును ఒళ్లో పెట్టుకుని, ట్యూబ్‌లైటు నీడ దాని మీద ఎక్కడ వంకర తిరుగుతుందో చూస్తూ, బొటనవేలితో రేకును తడుముతున్నాడు. పెట్రోలు మూత రంధ్రంలోంచి వంచిన ఇనుప కడ్డీ దూర్చి లోపలి నుంచి నెడుతున్నాడు, పైనుంచి చెక్క సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. గట్టిగా ఒకటి కొడితే రేకు సాగిపోతుందట, సాగిన రేకు మళ్లీ సొంత ఆకారానికి రాదట. ఆ ఒక్క సొట్టకే పూట పట్టింది. మీ జావాలో ఇంకో చిక్కుంది. ట్యాంకు పక్కల క్రోమ్ ఉంటుంది, దాని మీద రబ్బరు ప్యాడ్లు. రంగు వేసే చోటైతే సొట్ట తీశాక మిగిలిన చిన్న పల్లాన్ని పుట్టీతో కప్పేయొచ్చు. క్రోమ్ కింద పుట్టీ నిలవదు, కింద లోహమే ఉండాలి. రేకునే సమం చేయాలి, లేదా సీసంతోనో ఇత్తడితోనో నింపి ఆకురాయి పట్టాలి. ఆ తర్వాతే రాగి, నికెల్, క్రోమ్ పూతలు. పాత క్రోమ్ తీశాకే రేకులో తుప్పు తిన్న సూది బెజ్జాలు ఎన్నున్నాయో కనబడతాయి. అందుకే మీకు చెప్పిన 1.65 లక్షలను పూర్తి బిల్లు అనుకోకండి. అది మొదటి విడత.

పాత ట్యాంకు ఇచ్చి కొత్తది తీసుకోవడానికి అసలు ఒప్పుకోవద్దు. మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీలో అప్పట్లో తయారైన రేకు ఇప్పుడెక్కడా దొరకదు. దాన్ని వాళ్లు ఎందుకు అడుగుతున్నారో ఆలోచించండి.

పెట్టుబడి మాట కూడా పక్కన పెట్టండి. నాన్నగారి బండిని మీరు అమ్మరని ఉత్తరం చదివిన ఎవరికైనా తెలుస్తుంది. అమ్మే ఉద్దేశం లేని బండి రేటు మూడు లక్షలైతేనేం, ముప్పై లక్షలైతేనేం?

ఇక నా పాత పాట. మీ ఇంట్లో ఎమర్జెన్సీ ఫండ్, అంటే ఆపదకు విడిగా దాచిన సొమ్ము, లేదు. 40,000 ఒక నెల ఖర్చుకు కూడా చాలదు. అమ్మగారికి 61, ఏ పాలసీలోనూ లేరు. ఒక రాత్రి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్లో ముందు అడిగేది అడ్వాన్సు. ఆ సమయానికి మీ దగ్గర ఉన్న ఆఖరి ఆసరా మీ ఆవిడ గాజులే, మీరు వాటినే మడ్‌గార్డు కోసం బ్యాంకులో పెడతానంటున్నారు. మీకేమైనా అయితే పాప చదువు సంగతేంటో చెప్పడానికి టర్మ్ పాలసీ కూడా లేదు. 34 ఏళ్ల వయసులో, ఇద్దరు ఆడవాళ్లు, ఒక పసిపిల్ల మీ జీతం మీదే ఆధారపడినప్పుడు, ఇది నిర్లక్ష్యం. మెత్తగా చెప్పడం నాకు రాదు.

సిప్ కొన్నాళ్లు ఆపండి. ఆ 3,000, మిగులు 4,300 కలిస్తే 7,300. అందులోంచి కోటి రూపాయల టర్మ్ పాలసీకి నెలకు 1,200, అమ్మగారి పేర విడిగా ఆరోగ్య పాలసీకి 1,800 అనుకుందాం. ఆవిడకు బీపీ, షుగర్ ఉంటే ప్రీమియం పెరగొచ్చు, ఏదీ దాచకుండా ఫారంలో రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు కలిసొస్తుంది. ఇంకా 4,300 మిగులుతుంది. దాన్ని నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, మీరు రోజూ చూసే అకౌంట్‌లో ఉంచొద్దు. పర్సనల్ లోన్ తీరే 14 నెలలకు ఇది 60,200, ఇప్పుడున్న 40,000తో కలిపి లక్ష. ఈఎంఐ లేని ఇంటి ఖర్చుకు అది దాదాపు మూడు నెలల సొమ్ము. అక్కడి నుంచి నెలకు 10,500 చేతిలో ఉంటుంది. సగం ఫండ్‌కు, ఆరు నెలల ఖర్చు నిండేదాకా. సగం బండికి. సిప్ ఆ తర్వాత చూద్దాం.

బండి పనిని అప్పుడు ముక్కలుగా, నగదుతో చేయించండి. ముందు మడ్‌గార్డు. దానికి రెండు వైపులా చెయ్యి అందుతుంది, కాబట్టి పని తేలిక, మేస్త్రి పనితనం ఎలాంటిదో కూడా తెలిసిపోతుంది. తర్వాత టూల్‌బాక్స్ మూత. ట్యాంకు ఆఖర్న, అదీ క్రోమ్ పూతకు పూర్తి డబ్బు చేతిలో ఉన్నప్పుడే. ఒక ముక్క పని పూర్తయి చేతికొచ్చాకే రెండోది ఇవ్వండి. ట్యాంకు ఇచ్చే ముందు పెట్రోలు మొత్తం తీసి బాగా కడిగించండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికే గ్యాస్ వెల్డింగ్ దగ్గర నిప్పంటుకుంటుంది.

అప్పటిదాకా ఖర్చు లేని పని ఒకటుంది. రబ్బరు ప్యాడ్లు విప్పి చూడండి, వాటి వెనక చెమ్మ చేరి క్రోమ్‌ను తినేస్తుంది. తుడిచి, ఆరబెట్టి, కొంచెం నూనె రాసి పెట్టుకోండి. ఖాళీ ట్యాంకులో కాస్త టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి అటూ ఇటూ తిప్పితే లోపల తుప్పు పట్టదు.

ఆదివారం షికార్లు మాత్రం ఈ వారంతో ఆపేయండి. ఇన్సూరెన్స్ లేని బండి ఎవరికైనా తగిలితే పరిహారం మీ జీతంలోంచి, మీ ఆస్తిలోంచి కట్టాలి, దానికి పరిమితి ఉండదు. పోలీసులు వేసే జరిమానా మొదటిసారి 2,000. ఇది రెండో సంగతి. మీ 250 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 1,366, జీఎస్టీ అదనం. ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో ఫారం 31 ఇచ్చి మీ పేరుకు మార్పించుకోండి, ఆ తర్వాత ఫారం 25తో రెన్యువల్.

50 ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామని ఎవరైనా అంటే తొందరపడొద్దు. దాని ఫీజే 20,000, పైగా ఆ బండిని రోజువారీ తిప్పడానికి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కొట్టించుకోవడానికి, రిపేర్లకు తప్ప రోడ్డెక్కకూడదు. మీ పాపను ఎక్కించుకుని ఊళ్లో ఓ చుట్టు తిరగాలన్నదే మీ కోరికైతే మామూలు రెన్యువల్ చాలు.