లైవ్ యాక్షన్ అంటే ఏమిటి? మావాణ్ని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, వీఎఫ్ఎక్స్ కోర్సు అంటున్నాడు. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు యానిమేషన్‌లోనే కాదు, లైవ్ యాక్షన్‌లోనూ ఉద్యోగాలుంటాయంటున్నారు. లైవ్ యాక్షన్ అంటే ఏమిటి? రెండింట్లో దేనికి భవిష్యత్తు?

జవాబు: మనుషులు నటిస్తుంటే కెమెరాతో తీసేది లైవ్ యాక్షన్. మన సినిమాలు దాదాపు అన్నీ అవే కనుక ప్రేక్షకుడికి ఆ మాటతో పనిపడదు. యానిమేషన్‌లో కదలికను ఆర్టిస్టే ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌గా పుట్టిస్తాడు. 2012 నాటి ‘ఈగ’లో రెండూ ఉన్నాయి: నటులు కెమెరాకు చిక్కినవాళ్లు, ఈగ కంప్యూటర్‌లో పుట్టింది. 2019లో వచ్చిన ‘ది లయన్ కింగ్’ను లైవ్ యాక్షన్ అని చాలామంది అన్నారు, కానీ ఒక్క షాట్ తప్ప అంతా కంప్యూటర్ పనే.

సినిమా వీఎఫ్ఎక్స్, అంటే తీసిన దృశ్యాన్ని కంప్యూటర్‌లో మార్చే పని, ఎక్కువగా లైవ్ యాక్షన్ మీదే నడుస్తుంది. షూట్ చేసిన ఫుటేజ్‌ను ప్లేట్ అంటారు. కొత్తవాళ్లకు ముందు దొరికేది రోటో, పెయింట్: నటుడి చుట్టూ అవుట్‌లైన్ గీయడం, రోప్‌లు చెరపడం. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 5 సెకన్ల షాట్‌కు 120 ఫ్రేములు. నటుడి వెనక కట్టే పచ్చ తెర (గ్రీన్‌మ్యాట్) మీద లైటు సమంగా పడకపోతే ఆ భారమూ వీళ్లదే. నాకు అనుమానమంతా ఇక్కడే. ఏఐ టూల్స్ ముందుగా చొరబడుతున్నది ఈ పనిలోకే. రోటో ఒక్కటే నేర్పి ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అనే చోట లక్షలు పోయకండి. పాత విద్యార్థులు ఏ డిపార్ట్‌మెంట్‌లో చేరారు, ఏడాది తర్వాత ఎక్కడున్నారు అని అడగండి.

ఒక మాట గట్టిగానే అంటాను. ఫీజు వాయిదాల దాకా కనుక్కున్నారు, వాడు చేసిన పని ఒక్కటైనా చూశారా? ఈ వారమే చేయించండి. ఫోన్‌ను స్టాండ్ మీద కదలకుండా పెట్టి, ఇంట్లో ఒకరు నడుస్తుంటే 5 సెకన్లు తీయాలి. మనిషి లేకుండా అదే ఫ్రేమ్ మళ్లీ తీయాలి, అది క్లీన్ ప్లేట్, మనిషిని చెరిపినచోట నింపడానికి. ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో తల, మొండెం, చేతులు, కాళ్లకు విడివిడిగా మాస్కులు, అంటే చుట్టూ అవుట్‌లైన్లు, గీయాలి. ఒంటినంతా ఒకే గీతలో చుడితే అడుగడుక్కీ అంచు వణుకుతుంది. వణికినచోట విసుక్కోకుండా మళ్లీ దిద్దుతున్నాడా, చూడండి.

దిద్దుతుంటే భయపడకండి. ఎంపీసీ వృథా కాదు. కెమెరా కదలికను లెక్కగట్టే మ్యాచ్‌మూవ్‌కు, కంప్యూటర్ బొమ్మ కదలడానికి లోపల ఎముకల చట్రం అమర్చే రిగ్గింగ్‌కు, పైథాన్ భాషలో రాసే చిన్న ప్రోగ్రాములకు ఆ లెక్కలే కావాలి. బొమ్మలు గీసే చెయ్యి ఉంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో యానిమేషన్ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ)కు ప్రయత్నించనివ్వండి. డిగ్రీ చేతిలో ఉంటుంది, దారి మార్చుకునే వీలూ ఉంటుంది.