దుకాణం అచ్చువేసిన వజ్రాల కార్డు కోర్టులో నిలుస్తుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. కిందటి దసరా ముందు మా అమ్మాయి సారెలోకని విశాఖపట్నంలో ఒక నగల షోరూంలో ఏడురాళ్ల దుద్దులు కొన్నాం. బిల్లు 2,38,000 రూపాయలు. వజ్రాలు 1.40 క్యారెట్లు, ‘వీవీఎస్, ఈఎఫ్’ (స్వచ్ఛత, రంగు గ్రేడ్లట) అని రాశారు. షోరూం పేరుతోనే అచ్చువేసిన సర్టిఫికెట్ కార్డు కూడా ఇచ్చారు. ఈమధ్య శీల వదులైతే విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక దుకాణంలో చూపించాం. అక్కడ రాళ్లు చూసినాయన ‘ఇవి వీవీఎస్ కావమ్మా, అసలు గనిలోవో ల్యాబులో చేసినవో కూడా అనుమానమే’ అన్నారు. షోరూం వాళ్లను అడిగితే ‘హాల్‌మార్క్ ఉంది, మిషను పెట్టి చూపించాం కదా, కావాలంటే మార్చుకోండి, డబ్బు మాత్రం వాపసు ఇవ్వం’ అంటున్నారు. బిల్లు అడుగున ‘వివాదాలు విశాఖపట్నం కోర్టుల పరిధికే’ అని ఉంది. బిల్లు నకలు జత చేశాను. మేమేం చేయగలం? (పేరు వేయవద్దన్నారు)

జవాబు: అమ్మా, రాళ్ల సంగతికి ముందు మీ బిల్లులోని రెండు అంకెలు చూడండి. గ్రాస్ వెయిట్ 8.640 గ్రాములు, నెట్ వెయిట్ 8.420 గ్రాములు అని ఉంది. గ్రాస్ అంటే దుద్దుల మొత్తం బరువు, నెట్ అంటే అందులో బంగారం ఒక్కటే. తేడా 0.220 గ్రాములు, అంటే రాళ్ల బరువు అంతే ఉండాలి. వజ్రానికి ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, కాబట్టి 0.220 గ్రాములకు 1.10 క్యారెట్లే వస్తుంది. మీ దగ్గర డబ్బు తీసుకున్నది 1.40 క్యారెట్లకు. అన్ని రాళ్లుంటే తేడా 0.280 గ్రాములు రావాలి, నెట్ 8.360 పడాలి.

మన భూమి లెక్కలో ఎకరానికి 100 సెంట్లున్నట్టే వజ్రంలో క్యారెట్‌కు 100 సెంట్లు. మీ బిల్లులో 30 సెంట్లకు లెక్క లేదు. క్యారెట్ 95,000 చొప్పున వేశారు కాబట్టి అది 28,500 రూపాయల మాట. ‘నెట్ రాయడంలో పొరపాటు, రాళ్లు సరిగానే ఉన్నాయి’ అని వాళ్లు అనవచ్చు. అలాగైతే లేని 0.060 గ్రాముల బంగారానికి డబ్బు తీసుకున్నారని ఒప్పుకున్నట్టే. ఎటు తిరిగినా ఆ బిల్లులో ఒక అంకె తప్పు. ఈ ముక్క చెప్పడానికి ఏ ల్యాబూ అక్కర్లేదు, వినియోగదారుల కమిషన్‌లో మీరు వేయబోయే ఫిర్యాదులో మొదటి పేరా ఇదే కావాలి. (‘18 క్యారెట్ బంగారం’ అన్నప్పటి క్యారెట్ స్వచ్ఛతకు, వజ్రం క్యారెట్ బరువుకు. పేరొకటే కావడంతో చాలామంది ఇక్కడే తికమక పడతారు.)

ఇక హాల్‌మార్క్. నగ మీది బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, 18కె750 అన్న ముద్ర, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు, ఈ మూడూ బంగారం గురించే మాట్లాడతాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసినా బంగారం స్వచ్ఛతే తెలుస్తుంది. రాయి ఏ రకమో, ఏ గ్రేడో హాల్‌మార్క్ చెప్పదు. దాన్ని వజ్రానికి రుజువుగా చూపడం రిజిస్ట్రేషన్ కాగితం చూపించి ఇంటికి ప్లాను అప్రూవల్ ఉందనడం లాంటిది.

మిషను మాటా అంతే. కౌంటర్ మీద పెన్నులా ఉండే ఆ టెస్టరు రాయి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందో చూస్తుంది. గనిలోని వజ్రమైనా ల్యాబులో పెంచిన వజ్రమైనా రెండూ కార్బనే, రెండింటికీ అది కుయ్యిమంటుంది. వేడిని మాత్రమే చూసే టెస్టర్లను వజ్రంలా కనబడే మోయిసనైట్ అనే వేరే రాయి కూడా మోసం చేయగలదు. గనిదా, ల్యాబులో హెచ్‌పీహెచ్‌టీ (అధిక పీడనం, అధిక వేడి) లేదా సీవీడీ (వాయువు నుంచి పొరలుగా) పద్ధతిలో పెంచినదా అన్నది తేలాలంటే ల్యాబులో వర్ణపట పరీక్ష, అతినీలలోహిత కాంతి కింద పరీక్ష చేయాలి. ఆ లెక్కన గంటస్తంభం దగ్గరాయన కంటి అంచనా కూడా రుజువు కాదు, అనుమానానికి ఆధారం మాత్రమే. ఆయన కూడా నగలు అమ్మేవారేనన్న సంగతి అవతలి వకీలు గుర్తు చేయకుండా ఉండరు.

మీరు అడిగిన అసలు సంగతి కార్డు. షోరూం తన పేరుతో ఇచ్చిన కార్డు స్వతంత్ర సర్టిఫికెట్ కాదు. అమ్మినవారు తమ సరుకు గురించి తామే చెప్పుకున్న మాట అది. అలాగని పారేయకండి. వాళ్ల మీద వాడుకోవడానికి అంతకంటే మంచి కాగితం లేదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ‘వీవీఎస్, ఈఎఫ్, 1.40 క్యారెట్లు’ అన్నది వాళ్లు రాసి ఇచ్చిన వర్ణన. సరుకు అలా లేదని చెప్పగలిగింది మాత్రం ఆ అమ్మకంలో లాభనష్టాలు లేని మూడో మనిషి. స్వతంత్ర ల్యాబు ఎందుకంటే అందుకు. ల్యాబు రాళ్లు కొనదు, అమ్మదు. జీఐఏ (జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) 1931లో పుట్టిన లాభాపేక్ష లేని సంస్థ, డీ నుంచి జెడ్ దాకా రంగు స్కేలు వాళ్లదే. ఐజీఐ (ఇంటర్నేషనల్ జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్) 1975లో బెల్జియంలోని యాంట్‌వర్ప్‌లో మొదలైంది. మన దుకాణాల్లో ఎక్కువగా వినబడే పేర్లు ఈ రెండే.

ఆ అక్షరాల అర్థం కూడా తెలిసి ఉండాలి. డీ, ఈ, ఎఫ్ అంటే రంగు లేనివి. జీ నుంచి జే దాకా దాదాపు రంగు లేనివి. వీవీఎస్ అంటే పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంలో నిపుణుడి కంటికి కూడా కష్టం మీద కనబడేంత చిన్న మచ్చ. దాని తర్వాత వీఎస్, ఆ తర్వాత ఎస్ఐ. రంగును నమూనా రాళ్ల పక్కన పెట్టి పోల్చి చూస్తారు. అంటే మనిషి కంటి తీర్పు కొంత ఉంటుంది. అందుకే ఒక ల్యాబు ఎఫ్ అన్నది ఇంకో ల్యాబు జీ అనడం జరుగుతుంది. ఒక మెట్టు తేడాకు కేసు వేస్తే ‘ఇది అభిప్రాయ భేదం, మోసం కాదు’ అని అవతలివాళ్లు వాదిస్తారు, ఆ వాదనలో పస ఉంది. వీవీఎస్ అన్నది ఎస్ఐగా తేలితే ఆ వాదన నిలవదు. సహజం అన్నది ల్యాబులోదని తేలితే అక్కడ అభిప్రాయానికి చోటే లేదు. మీ బిల్లులో, కార్డులో ‘సహజ వజ్రం’ అనో ‘నాచురల్’ అనో ఉందేమో వెతకండి. ఉత్త ‘డైమండ్’ అనే ఉంటే ‘ల్యాబుదీ డైమండే కదా’ అని తిరగబడతారు. అప్పుడు క్యారెట్ 95,000 అన్న రేటు, కొనేటప్పుడు సేల్స్‌మన్ పంపిన వాట్సాప్ మెసేజీలు మీకు పనికొస్తాయి. ఫోను మార్చకండి, ఆ చాట్ తుడిచేయకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి.

ఇప్పుడు చేయకూడనివి. దుద్దులు షోరూం చేతికి ఇవ్వకండి. ‘పాలిష్ చేసి చూస్తాం’, ‘హెడ్ ఆఫీసుకు పంపుతాం’ అన్నా సరే. ఏ కంసాలి చేతా రాళ్లు ఊడదీయించకండి. రాయి ఒక్కసారి కట్టులోంచి బయటకు వస్తే ‘మేమిచ్చిన రాళ్లు ఇవి కావు, మార్చి తెచ్చారు’ అంటారు, దానికి జవాబు చెప్పడం చాలా కష్టం. ఇలాంటి మంచి కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. శీల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు, వెనుక, హెచ్‌యూఐడీ ముద్ర దగ్గర, తూకం మీద పెట్టి ఫొటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత బిగించిన స్థితిలోనే నగను పరీక్షించే స్వతంత్ర ల్యాబుకు మీ పేరుతోనే పంపండి. జీఐఏ గ్రేడింగ్ రిపోర్టు విడి రాళ్లకే ఇస్తుంది, కాబట్టి అక్కడికి కుదరదు. ఐజీఐ నగలకూ రిపోర్టు ఇస్తుంది. కట్టులో ఉన్న రాయి బరువు కొలతల మీద లెక్కకట్టిన అంచనా మాత్రమే అవుతుంది, రంగు, స్వచ్ఛత కూడా ఒక శ్రేణిగానే రాస్తారు. మీ దుద్దుల వెనుక మూసిన కట్టు ఉంటే అది కూడా కష్టం, వెనుక బంగారం రంగు రాయిలోకి కొడుతుంది. ఈ దశలో మీకు కావలసింది మాత్రం ఒక్కటే: సహజమా, ల్యాబుదా.

పూర్తి పరీక్ష వినియోగదారుల కమిషన్ ద్వారానే చేయించుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ఇందుకు దారి ఇస్తుంది. పరీక్ష లేకుండా లోపం తేలని సరుకైతే కమిషన్ దాన్ని మీ దగ్గర తీసుకుని, సీలు వేసి, ధ్రువీకరించి తగిన ల్యాబుకు పంపుతుంది. ల్యాబు సాధారణంగా 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. పరీక్ష రుసుము ముందు మీరే కట్టాలి. ఫిర్యాదుతో పాటే ఇందుకు ఒక ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేయండి. రాళ్లు ఊడదీసి విడిగా తూచాలని, ఇరుపక్షాల ఎదుట సీలు వేయాలని అందులో అడగండి. 14 రాళ్లనూ లెక్కపెట్టి నమోదు చేయించండి.

ఎక్కడ వేయాలన్నది తేలిక. కొనుగోలుదారు నివసించే చోట ఫిర్యాదు చేయవచ్చని అదే చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. మీకు విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. బిల్లు అడుగున అచ్చు గుద్దిన ‘విశాఖపట్నం పరిధి’ వాక్యం చట్టం ఇచ్చిన ఈ హక్కును తీసేయలేదు. అవతలివాళ్లు ఆ అభ్యంతరం వేయకమానరు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా ఉన్న వివాదాలు జిల్లా కమిషన్‌వే. 5 లక్షల లోపు కాబట్టి దాఖలు రుసుము లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే వేయవచ్చు. గడువు రెండేళ్లు. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని వాదించే వీలున్నా ఆ వాదన మీద ఆధారపడవద్దు, బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకోండి.

ముందుగా నోటీసు ఇవ్వడం చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ ఇవ్వండి. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచండి. తూకం లెక్క, ల్యాబు రిపోర్టు నకలు, కోరే సొమ్ము, 15 రోజుల గడువు ఉంటే చాలు, రెండు పేజీలు దాటనవసరం లేదు. ఈలోగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయించండి. పెద్ద షోరూంలు చాలాసార్లు అక్కడే మెత్తబడతాయి. ‘మార్చుకోండి’ అన్న మాటకు మాత్రం లొంగకండి. లోపమున్న సరుకు వాపసు తీసుకుని డబ్బు ఇవ్వనంటే, బిల్లులో చెప్పిన గడువులో, అది లేకపోతే 30 రోజుల్లో, దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి కింద వినియోగదారుల రక్షణ చట్టం 2(47)వ సెక్షన్‌లోనే చేర్చింది. మీరు అడిగేసరికి ఆ రోజులు దాటిపోయి ఉండవచ్చు, అయినా లోపం రుజువైతే 39వ సెక్షన్ కింద ధర వడ్డీతో వాపసు, నష్టపరిహారం, ఖర్చులు అడగవచ్చు.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు చెబుతారు కనుక రాస్తున్నాను. తెలిసి తెలిసి ల్యాబు రాయిని సహజమని అమ్మితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అవుతుంది. కానీ అమ్మిన రోజే మోసపు ఉద్దేశం ఉందని చూపాలి. సీలు వేసి చేసిన పరీక్ష ఫలితం వచ్చాక ఆ సంగతి ఆలోచించండి.

మళ్లీ కొనేటప్పుడు బిల్లులో రాయించుకోవలసినవి: సహజమా ల్యాబుదా, రాళ్ల సంఖ్య, మొత్తం బరువు, రంగు, స్వచ్ఛత, ల్యాబు పేరు, రిపోర్టు నంబరు. నంబరు బిల్లు మీద ఎందుకంటే, ల్యాబులు తమ కాగితాన్ని సర్టిఫికెట్ అనవు, రిపోర్టు అంటాయి, అది హామీ కాదని దాని మీదే రాసుకుంటాయి. రేపు తేడా వస్తే మీరు పట్టుకోవలసింది ల్యాబును కాదు, అమ్మినవారిని. రిపోర్టు నంబరు బిల్లులోకి ఎక్కితే అందులోని ప్రతి మాటా అమ్మినవారి వర్ణన అవుతుంది.

ఒంటిరాయి ఉంగరమైతే రాయి బిగించక ముందే చూడండి. ల్యాబు వెబ్‌సైటులో నంబరు కొట్టి, రాయి అంచు మీద లేజరుతో చెక్కిన నంబరును భూతద్దంలో పోల్చండి. అంతటితో ఆగవద్దు, వేరే రాయి నంబరును నాసిరకం రాయి మీద చెక్కిన సందర్భాలున్నాయి. రిపోర్టులో మిల్లీమీటర్ల కొలతలు ఉంటాయి. 0.50 క్యారెట్ గుండ్రటి రాయి అడ్డకొలత సుమారు 5.1 మిల్లీమీటర్లు ఉంటుంది. కొలిచి చూపించమనండి, తూచి చూపించమనండి. ల్యాబు వజ్రమని చెప్పే కొంటుంటే ఇంకో సంగతి: 2025 అక్టోబరు నుంచి జీఐఏ వాటికి డీ, వీవీఎస్ లాంటి గ్రేడ్లు ఇవ్వడం మానేసి ‘ప్రీమియం’, ‘స్టాండర్డ్’ అనే రెండు మాటలే వాడుతోంది.

ఐదు సెంట్ల ముక్కుపుడకకు విడిగా ల్యాబు రిపోర్టు కోసం పట్టుబట్టనక్కర్లేదు, ఖర్చు దండగ. దానికి బిల్లులో రాయి వివరాల వరుస సరిగ్గా రాయించుకుని, గ్రాస్‌లోంచి నెట్ తీసేసి చూసుకుంటే చాలు. ఐదు సెంట్లంటే పది మిల్లీగ్రాములు, దశాంశం తర్వాత మూడు అంకెలు చూపే ఏ నగల తూకం మీదైనా 0.010 అని పడుతుంది.