అందరూ తలూపుతారు, ఎవరూ కదలరు

ప్రశ్న: పర్యావరణాన్ని కాపాడుకోవాలంటే కాదనేవారు ఎక్కడా కనిపించరు. మా కార్యాలయంలో వారానికొక రోజు సొంత వాహనాలు మానేద్దామని ప్రతిపాదిస్తే అందరూ తలూపారు. తీరా ఆ రోజు వచ్చేసరికి నేనొక్కడినే నడిచి వచ్చాను. వారు చెప్పింది అబద్ధమా? వారిని ఎలా నమ్మించాలి?

జవాబు: అబద్ధమని నేననుకోను. తలూపిన క్షణంలో ఆ మాట నిజమే అయివుంటుంది. అయితే ఉదయం బండి తాళంచెవి చేతిలోకి తీసుకునేటప్పుడు మనసులో మెదిలేది "ఇది మంచిదా" అన్న ప్రశ్న కాదు, "మిగతావాళ్లు మానేస్తారా" అన్న ప్రశ్న; మానరన్న జవాబును కూడా ఎవరికి వారే చెప్పుకుంటారు.

125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని ప్రశ్నించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి నెలసరి ఆదాయంలో ఒక శాతం ఇవ్వడానికి 69 శాతం మంది సిద్ధమన్నారు; తమ దేశంలో ఇంకెందరు అలా ఇస్తారని అడిగితే మాత్రం సగటున 43 శాతమని ఊహించారు. ఇస్తామన్న వారందరూ రేపు జేబులో చేయి పెడతారని నేను పూచీ పడలేను గానీ, ఎదుటివారిని మనం ఎంత తక్కువగా లెక్కగడతామో ఆ రెండు అంకెల మధ్య తేడాలో కనిపిస్తుంది.

హోటల్ గదుల్లో తువ్వాళ్లను మళ్లీ వాడమని కోరే చీటీలతో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. పర్యావరణం కోసం వాడమన్న చీటీ చూసి సుమారు 35 శాతం మంది అలా చేయగా, తోటి అతిథుల్లో అధికులు అలాగే చేస్తున్నారని చెప్పిన చీటీకి 44 శాతం మంది స్పందించారు. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో కాలిఫోర్నియా గృహస్థులు, తాము విద్యుత్తు ఆదా చేయడానికి ఇరుగుపొరుగువారి నడవడి చివరి కారణమని చెప్పారు; లెక్కలు కట్టి చూస్తే వారి వాడకంతో అన్నిటికంటే గట్టిగా ముడిపడినది అదే. తమను కదిలించేదేమిటో జనానికే సరిగా తెలియదన్నమాట! అందుచేత వారిని మాటలతో నమ్మించాలన్న ఆలోచన వలన మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పైగా అభిప్రాయం ముందు, ఆచరణ తరువాత అన్న వరుస కూడా ఎప్పుడూ నిలవదు. స్టాక్‌హోమ్ నగరంలో వాహనాల రద్దీపై రుసుము పెట్టకముందు అధికులు దానిని వ్యతిరేకించారు. 2006లో ఏడు నెలలపాటు దానిని ప్రయోగాత్మకంగా అమలు చేసి, రాకపోకలు సుమారు ఐదో వంతు తగ్గడం కళ్లారా చూశాక, ఆ సెప్టెంబరులో జరిగిన ఓటింగులో నగరవాసుల్లో మెజారిటీ దానికి అనుకూలంగా ఓటు వేశారు.

కాబట్టి మరోసారి సమావేశం పెట్టకండి. నడిచి వచ్చినవారు పేరు రాయడానికి ద్వారం దగ్గర ఒక కాగితం అంటించండి. అయితే "ఒక్కరే వచ్చారు" అని మాత్రం ఎక్కడా రాయకండి, ఎందుకంటే దానిని చదివినవారికి రాకపోవడమే మామూలు సంగతిగా తోస్తుంది. ఇద్దరు ముగ్గురు చేరేదాకా ఆగి, "పోయిన నెల ఒకరు, ఈ నెల ముగ్గురు" అని రాయండి. సంఖ్య చిన్నదే అయినా అది పెరుగుతోందన్న సంగతి చదివేవారి కంటపడాలి.