కథ పంపాక జవాబు వచ్చేదాకా మనసు నిలబెట్టుకోవడం ఎలా?

వారపత్రికకి మొదటి కథ పంపి ఆరు వారాలైందనీ, రోజుకి పదిసార్లు మెయిల్ చూసుకుంటున్నాననీ, పాజిటివ్‌గా ఉండటం ఎలాగో చెప్పమనీ అడిగారు. అచ్చం ఇదే స్థితిలో నేను 2017లో ఐదు నెలలు గడిపాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది తిరుపతి. గాంధీరోడ్డులో ఒక బట్టల షాపులో లెక్కలు చూస్తాను. ఆ ఏడు మా వైపు మామిడి రైతు మీద ఒక కథ రాశాను. కాయల కాలంలో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. చేతిలో టోకెన్ పెట్టుకుని, ట్రాక్టర్ పక్కనే పడుకుని, రెండు రాత్రులు గడిపిన కౌలు రైతు కథ అది. డీటీపీ చేయించి, ఎక్కడా అచ్చు కాలేదని రాసిచ్చే హామీపత్రం జతచేసి, జూలైలో పంపాను.

మొదటి రెండు వారాలు సంతోషంగానే గడిచాయి. మూడో వారం నుంచి ఫోన్ మోగితే చాలు, గుండె జల్లుమనేది. బిల్లులు కూడుతూ కూడుతూ మధ్యలో మెయిల్ తెరిచేదాన్ని. బ్యాంకు మెసేజీలు తప్ప ఏమీ ఉండేవి కావు. రాత్రి పూట పంపేసిన కథనే మళ్ళీ తెరిచి చదువుకోవడం మొదలుపెట్టాను. చదివిన ప్రతిసారీ ఒక తప్పు కనిపించేది. దిద్దడానికి లేదు, మర్చిపోవడానికీ లేదు. కొత్తగా ఒక్క వాక్యం రాయలేకపోయాను. ‘తప్పకుండా వేస్తారు’ అని రోజూ నాకు నేనే చెప్పుకున్నాను. దానివల్ల ఆశ పెరిగింది, టెన్షన్ ఇంకా పెరిగింది. అందుకే మీకు ఆ సలహా ఇవ్వను.

నన్ను ఆ ఊబిలోంచి లాగింది మా పక్కింటి అవ్వ. ఆమెది బంగారుపాళ్యం వైపు ఒక పల్లె. ఇక్కడ కూతురింట్లో ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ‘ఏందిమ్మా, మొగం అట్ల పెట్టుకోనుండావు?’ అని అడిగింది. సంగతి చెప్పాను. ‘ఏం రాసినావో చదువు, ఇంటాను’ అంది.

మా వరండాలో కూర్చుని ఇరవై నిమిషాలు చదివాను. రైతు ‘తోతాపురి కాయలు’ అన్నచోట ఆపేసింది. ‘మేం బెంగుళూరా అంటాం గదా, ఆయప్ప నోట్లో ఆ మాట యాల పెడ్తివి?’ అంది. నాకు తెలియని మాట కాదు, పత్రిక వాళ్ళకి అర్థం కాదేమోనని మార్చాను. ఆమె అడిగాక ఎంత పరాయిగా ఉందో వినిపించింది. కథ అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళాయన ఒక ఏడు లోడు తీసుకుపోయి, మూడో రోజు కాయ మెత్తబడి, వచ్చిన ధరకి ఇచ్చేసి వచ్చిన సంగతి చెప్పింది. చీకటి పడేదాకా చెబుతూనే ఉంది.

ఆ రాత్రి నేను మెయిల్ చూడలేదు. చూడలేదని కూడా మర్నాడే గుర్తొచ్చింది. నెలల తరబడి నేను జవాబు కోసం ఎదురుచూస్తున్నాననే అనుకున్నాను. నా కథని ఎవరో ఒకరు వినాలన్న ఆకలి అదంతా. ఆ ఆకలి తీర్చడానికి సంపాదకులే అక్కర్లేదు.

తిరుపతిలో ఇలాంటి బాధ చెప్పుకుంటే చాలామంది అన్నమయ్య రాగిరేకులతో ఓదారుస్తారు. తిరుమల గుడిలో శతాబ్దాలపాటు ఎవరికీ పట్టకుండా ఉండిపోయి, 1922లో వెలుగులోకి వచ్చాయని. నాకు ఆ మాట ధైర్యం ఇవ్వలేదు. రేకుల మీదికి ఎక్కకముందే ఆ పాటలు పాడారు, విన్నారు. నా కథకి అప్పటిదాకా విన్నవాళ్ళే లేరు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. వినిపించమన్నాను కదా అని ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ గ్రూపులోనో పెట్టేయకండి. ఎక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రంలో సంతకం పెట్టాం. సోషల్ మీడియాలో పెట్టినా ప్రచురణ కిందే లెక్కగట్టే పత్రికలు చాలా ఉన్నాయి. ఇంట్లో, ఒకరిద్దరికి, నోటితో చదివి వినిపించండి.

ఇంకో వారానికి అవ్వ మళ్ళీ అడిగింది, ఇంకేం రాస్తున్నావని. ఇది తేలాక చూస్తానన్నాను. ‘బండి వరసలో ఉంటే ఉండనీ. తోటలో ఇంకా కాయ ఉండాది గదా, దాన్నెవురు కోస్తారు?’ అంది. ఆ సాయంత్రమే రెండో కథ మొదలుపెట్టాను.

పనికొచ్చే సంగతులు కొన్ని. ఆరు వారాలంటే ఎక్కువేమీ కాదు. నాకు రెండు నెలలకి జవాబు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి, ఏడు నెలలు పట్టినవీ ఉన్నాయి. పంపిన తేదీ, కథ పేరు, పత్రిక పేరు ఒక నోటుబుక్కులో రాసుకుని, మూడు నెలల తర్వాతి తేదీ పక్కన వేసుకోండి. అప్పటిదాకా ఆలోచించే పని ఆ పుస్తకానిది. నిబంధనల్లో ‘ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు’ అని ఉంటే గుర్తుచేస్తూ రాయొద్దు. లేకపోతే ఆ తేదీకి రెండు వాక్యాల మెయిల్ పంపండి, మర్యాదగా, కారణాలు అడక్కుండా. వేరేచోటికి పంపాలనుకుంటే ముందు ఈ కథని వెనక్కి తీసుకుంటున్నానని రాయాలి. చాలామంది ఇది మర్చిపోతారు, తర్వాత రెండుచోట్లా అచ్చయి ఇబ్బంది పడతారు. నోటిఫికేషన్ ఆపేసి రాత్రి తొమ్మిదికి ఒక్కసారి చూసుకోండి. వారానికోసారి స్పామ్ కూడా చూడండి.

ఆ రోజుల్లో నాకు తోడున్న ఇంకొకరు మధురాంతకం రాజారాం. పాకాల దగ్గర దామలచెరువులో ఉంటూ, బడిపంతులుగా పనిచేస్తూ, మా పల్లెల మనుషుల్ని కథల్లోకి తెచ్చిన పెద్దాయన. 1993లో ఆయన కథలకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మెయిల్ చూడాలనిపించినప్పుడల్లా ఆయన కథ ఒకటి తీసుకుని పైకి చదివేదాన్ని. మీ ప్రాంతపు రచయిత ఎవరో వెతికి పెట్టుకోండి. మన ఊరి మాట అచ్చులో చూస్తే వచ్చే బలం వేరు.

ఐదో నెలలో నాకు జవాబొచ్చింది. ప్రచురించలేకపోతున్నామని రెండు ముక్కలు. ఏడ్చాను. అయితే అప్పటికి రెండో కథ పూర్తయి ఉంది. మొదటి కథలో తోతాపురిని బెంగుళూరాగా మార్చి, ఇంకో పత్రిక ఉగాది పోటీకి పంపాను. బహుమతి రాలేదు, సాధారణ ప్రచురణకి తీసుకున్నారు. 2018 జూన్‌లో, మళ్ళీ కాయల కాలంలో, అచ్చయింది. అవ్వకి చదువు రాదు. బొమ్మలో ట్రాక్టర్ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

ఇప్పుడు కూడా నాది ఒక కథ పంపి తొమ్మిది వారాలైంది. నోటుబుక్కులో వేసుకున్న తేదీకి ఇంకా నెల ఉంది. నిన్న రాత్రి కొత్త కథలో నాలుగో పేజీ రాశాను.

మీరు ఈ రాత్రికి ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి ఆ కథ చదివి వినిపించండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే మీ అమ్మకో నాన్నకో ఫోన్ చేసి చదవండి. వాళ్ళు ఎక్కడ ఆపి ప్రశ్న అడుగుతారో, అక్కడ పెన్సిల్‌తో ఒక గీత పెట్టుకోండి.