ఇల్లు – కట్టడం: మేడ మీద పరిచే ఉష్ణ నిరోధక పలకల్లో ఏవి మేలు?

ప్రశ్న: మాది రెండంతస్తుల డాబా. వేసవిలో రాత్రి పదకొండు దాటినా పై గదుల్లో స్లాబు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. ఈ ఏడాది మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయించాలి. దాని మీదే ఉష్ణ నిరోధక పలకలు పరిచి, పైన కాంక్రీటు వేస్తే రెండు పనులూ కలిసివస్తాయని ఇంజినీరు గారు అంటున్నారు. మేస్త్రీ థర్మోకోల్ చాలంటాడు, దుకాణంలో పీయూఎఫ్ (పాలీయురిథేన్ నురుగు పలక) ఇంకా మంచిదన్నారు. దేన్ని ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ ఇంజినీరు గారు చెప్పినది ఇన్వర్టెడ్ రూఫ్ పద్ధతి. మామూలుగా ఉష్ణ నిరోధకం కింద, నీటిని ఆపే పొర పైన ఉంటాయి. ఇక్కడ ఆ వరుస తిరగబడుతుంది: స్లాబు మీద వాటం (నీరు తూము వైపు పారే వాలు), వాటం మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద పలకలు, అన్నిటికీ పైన వాటిని అణిచి ఉంచే కాంక్రీటో, పెంకులో, గులకరాళ్లో వస్తాయి. మన ఎండలకు ఇది ఎంతో తగిన పద్ధతి. నడి వేసవిలో మేడ ఉపరితలం 60 డిగ్రీలు దాటి, తెల్లవారేసరికి సగానికి పడిపోతుంది. పలకల నీడన దాగిన వాటర్‌ప్రూఫింగ్ పొరకు రోజూ సాగి ముడుచుకునే ఆ శ్రమ చాలావరకు తప్పుతుంది కనుక దాని ఆయుష్షు పెరుగుతుంది.

అయితే వాన నీరు పలకల సందుల్లోంచి దిగి, పొర మీదుగానే తూము చేరుతుంది. వానాకాలమంతా పలకలు తడిలో ఉండక తప్పదు. నీరు వేడిని గాలి కంటే ఇరవై రెట్లకు పైగా తేలికగా ప్రసరింపజేస్తుంది కాబట్టి, గాలి గదులతో నిండిన పలకలోకి నీరు చేరిన కొద్దీ దానికోసం పెట్టిన డబ్బు వృథా అవుతుంది. అందువల్ల ఏ పలకనైనా చేతిలోకి తీసుకున్నప్పుడు మొదట అడగవలసింది అది ఎంత నీరు పీలుస్తుందని, తరువాతనే ఎంత వేడిని ఆపుతుందని.

ఈ లెక్కన పీయూఎఫ్ పక్కకు తప్పుకుంటుంది. పొడిగా ఉన్నంతకాలం వేడిని ఆపడంలో అది అందరికంటే ముందుంటుంది గాని, ఏళ్ల తరబడి తడిలో ఉంచదగినది కాదు. వాటర్‌ప్రూఫింగ్‌కు అడుగున, పొడి చోట వాడితే దానికి సాటి లేదు. రాతి నారతో దూదిలా చేసే రాక్‌వూల్ సంగతి చెప్పనే అక్కరలేదు. మీ మేస్త్రీ చెప్పిన థర్మోకోల్‌లో గుళికలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయే తప్ప వాటి మధ్య సందులు పూర్తిగా మూసుకోవు. ఆ సందుల్లో నీరు నిలుస్తుంది, పైగా ప్యాకింగుకు వాడే తేలిక రకం కాంక్రీటు బరువుకు, మనుషుల నడకకు నలుగుతుంది. ధర తక్కువన్న ఒక్క కారణంతో దాన్ని మేడ మీద పూడ్చిపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే అది పాడైనా పైన వేసిన కాంక్రీటును పగలగొడితే తప్ప మీకు తెలియదు.

మిగిలింది ఎక్స్‌పీఎస్, అంటే ఎక్స్‌ట్రూడెడ్ పాలిస్టైరీన్. కరిగించిన ముద్దను ఒత్తి తీసిన ఈ పలకలో గదులు ఒక్కొక్కటిగా మూసుకుని ఉంటాయి. మంచి రకమైతే ఎక్కువ కాలం నీట ముంచినా ఘనపరిమాణంలో ఒక శాతం కూడా పీల్చదు. నీలం, గులాబీ రంగులు తయారీదారుల గుర్తులు మాత్రమే, నాణ్యతకు గుర్తులు కావు. దుకాణంలో నీటి పీల్పు, ఉష్ణ వాహకత, ఒత్తిడికి తట్టుకునే బలం, ఈ మూడూ రాసి ఉన్న పరీక్ష పత్రం అడగండి. మనుషులు తిరిగే మేడకు 300 కిలోపాస్కల్ రకం తీసుకోవాలి. ఆ అంకె పలక పది శాతం నలిగేటప్పటి బలం కనుక, నీళ్ల ట్యాంకు వంటి శాశ్వతమైన బరువును దానిలో సగం మేరకైనా మోపకూడదు.

మందం విషయానికి వస్తే, లోపలికి, బయటికి ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెప్పే అంకెను యూ విలువ అంటారు. 125 మిల్లీమీటర్ల ఉత్త స్లాబుకు అది సుమారు 3 ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ పరిస్తే 0.9కి, 50 పరిస్తే 0.55కి, 75 పరిస్తే 0.4కి దగ్గరగా వస్తుంది. నివాస గృహాల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు నియమావళి కప్పుకు ఈ విలువ 1.2 దాటకూడదంటుంది. మొదటి అంగుళం తెచ్చే మేలు తరువాతి అంగుళాలు తేవు కాబట్టి విజయవాడ ఇంటికి 50 మిల్లీమీటర్లు సమంజసం. ఆ మందాన్ని రెండు పొరలుగా కాక ఒకే పలకగా, అంచులు ఒకదానిపై ఒకటి కూర్చునే రకంగా తీసుకోండి. రెండు పొరల నడుమ చిక్కిన నీరు కింది పలకలోని తేమను బయటికి పోనివ్వదు.

పలకలు పరిచే ముందు తూములు మూసి, వాటర్‌ప్రూఫింగ్ మీద మూడు రోజులు నీరు నిలిపి, చెమ్మ దిగడం లేదని కింద గదుల్లో చూసుకోవాలి. పరిచిన పలకలను ఎండలో వారాల తరబడి వదిలితే పైభాగం పసుపుబారి పొడిపొడిగా రాలుతుంది. పెట్రోలు, టిన్నరు కలిసిన తారు పూతలు తగిలితే ఎక్స్‌పీఎస్ కరిగిపోతుంది, మంట దగ్గరగా వస్తే అంటుకుంటుంది. కనుక గ్యాసు మంటతో పొరను అతికిస్తే ఆ పని పూర్తయి చల్లారేదాకా పలకలను మేడ ఎక్కించనే కూడదు.

ప్రశ్న: సముద్రానికి దగ్గరలో ఉన్న పాత ఇల్లు మాది. స్లాబు మీద బరువు పెంచడం ఇష్టం లేదు. పలకలను ఊరికే పరిచి వదిలేయవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వదలకూడదు. 50 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు రెండు కిలోల లోపే తూగుతుంది. ఆకులు అడ్డుపడి తూము మూసుకుపోయి నీరు నిలిస్తే, అదే పలక దాదాపు 48 కిలోల బలంతో పైకి తేలుతుంది. గాలి సంగతి 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసిన మీ ఊరికి వేరే చెప్పనవసరం లేదు. గులకరాళ్లు తుఫానుకు ఎగిరి పక్కింటి కిటికీలను తాకే ప్రమాదం ఉంది, కాబట్టి పలకల మీద నీటిని దిగనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దానిపై 50 మిల్లీమీటర్ల కాంక్రీటు వేయడమే మేలు. దాని బరువు చదరపు మీటరుకు 120 కిలోలు. పాత మేడ మీద నాలుగంగుళాల ఇటుక జెల్లీ (ఇటుక ముక్కల) గచ్చు ఉంటే అదే 190 కిలోల దాకా ఉంటుంది. దాన్ని తీసివేసి కొత్త పద్ధతి వేస్తే మొత్తం బరువు తగ్గవచ్చు. అయితే గచ్చుతో పాటు వాటం కూడా పోతుంది గనుక దాన్ని తిరిగి తీర్చాలి. స్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతుంటే ముందుగా స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

ప్రశ్న: మేడకు తెల్ల కూల్ పెయింట్ వేశాం. ఇంకా పలకలు అవసరమా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇటువంటి పూతలను ప్రోత్సహించడానికే. తక్కువ ఖర్చుతో పగటి వేడిని బాగా తగ్గిస్తాయి కాబట్టి, గదులు మీకు హాయిగా ఉంటే అంతటితో ఆగవచ్చు. దుమ్ము పట్టిన కొద్దీ తెలుపు తన పని తగ్గిస్తుంది, కడగడం, కొన్నేళ్లకు మళ్లీ వేయడం తప్పవు. పై గదుల్లో ఏసీ ఎక్కువగా నడుస్తుంటే పలకలు కూడా వేయించండి, తెలుపును మాత్రం మానవద్దు. పలకల మీది కాంక్రీటు నుంచి వేడి కిందికి దిగే దారి మూసుకుపోతుంది గనుక అది మునుపటికంటే ఎక్కువ కాగుతుంది. ఎక్స్‌పీఎస్ తట్టుకునేది 75 డిగ్రీల వరకే. ముదురు రంగు పెంకులు మాని, కాంక్రీటును మూడేసి మీటర్ల గళ్లుగా విడదీసి, పిట్టగోడ వెంబడి కూడా సందు వదిలి, ఆ సందులను సాగే సీలెంట్‌తో నింపించండి.