మిస్సమ్మకి అంత కోపం ఎందుకు?

ఈమధ్య ఇదే పేజీలో ఒకరు "తెలుగులో ఒకే ఒక్క కామెడీ సినిమా చూడమంటే ఏది చెబుతారు" అని అడిగితే పెద్దగా ఆలోచించకుండా "మిస్సమ్మ" అని రాసి ఊరుకున్నాను. అంతే, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. మెచ్చుకున్నవాళ్లున్నారు, తిట్టినవాళ్లు ఇంకాస్త ఎక్కువున్నారు. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ సినిమాకే వదిలేశాం.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో: అప్పాపురం జమీందారు గోపాలం (ఎస్వీ రంగారావు) తన ఊరి బడికి బీఏ చదివిన మొగుడూపెళ్లాలే టీచర్లుగా కావాలంటాడు. ఉద్యోగాల్లేక తిరుగుతున్న రావు (ఎన్టీఆర్), మేరీ (సావిత్రి) పెళ్లి కాకుండానే మొగుడూపెళ్లాలమని చెప్పి అక్కడ చేరతారు. ఆయన హిందువు, ఆవిడ క్రిస్టియన్. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి కోసం ఆయన మేనల్లుడు రాజు (ఏఎన్నార్) డిటెక్టివ్ వేషాలు వేస్తుంటాడు. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మీరు చెప్పారు కదాని ఆదివారం పూట కూర్చుని మొత్తం చూశాను. బాగుంది, కాదనను. కానీ పొట్ట పట్టుకుని నవ్వింది ఎక్కడా లేదు. దీన్ని కామెడీ అని ఎలా అంటారండీ? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: మీరన్నది నిజమే, పొట్ట పట్టుకుని నవ్వే సినిమా కాదు అది. కానీ ఒక్కసారి ఇలా చూడండి. ఆ సినిమాలో ఎవరూ మనల్ని నవ్వించాలని చూడరు. ఒక్క దేవయ్యని (రేలంగి) పక్కన పెడితే మిగతావాళ్లంతా చాలా సీరియస్‌గా ఉంటారు, ఎవరి గొడవ వాళ్లది. రావుకి ఉద్యోగం పోతుందని భయం, మేరీకి అప్పు తీరదేమోనని భయం (అప్పిచ్చిన డేవిడ్, అంటే మన రమణారెడ్డి, పెళ్లి చేసుకోమని వెంటపడుతుంటాడు మరి), జమీందారు దంపతులకి కూతురు మీద బెంగ, రాజుకి కేసు తేల్చాలని పట్టుదల. ఇంతమంది సీరియస్ మనుషుల్ని ఒక్క అబద్ధం కింద, ఒకే ఇంట్లో పెట్టి తలుపు వేశారు. నవ్వు దానంతటదే వస్తుంది.

సీమంతం ఘట్టమే తీసుకోండి. అసలు పెళ్లే కాని అమ్మాయికి, ఆ పెద్ద మనసున్న ఇల్లాలు (ఋష్యేంద్రమణి) ముచ్చటపడి సీమంతం చేయిస్తుంది. ముత్తయిదువలు, పాట, పేరంటం, హడావిడి అంతా ఉంటుంది. ఇదే సీను ఇవాళ తీస్తే కనీసం నలుగురు కమెడియన్లు చుట్టూ నిలబడి పంచ్‌లు వేస్తారు. ఇక్కడ మాత్రం సీమంతం నిజం సీమంతంలాగే, భక్తిగా, చక్కటి సంప్రదాయ పాటతో జరిగిపోతుంది. మధ్యలో మేరీ పరిస్థితి మనకొక్కళ్లకే తెలుసు. అందుకే ఆ నవ్వు గట్టిగా బయటికి రాదు, లోపల్లోపల ఉడుకుతుంటుంది. మీరు రెండోసారి చూడండి, కథ తెలిశాక ఇంకా బాగుంటుందని నా నమ్మకం.

ప్రశ్న: హీరోయిన్ సినిమా అంతా చిరాకుపడుతూనే ఉంటుంది. రావు తప్పేం చేశాడని? మా ఇంట్లో అయితే ఈ విషయం మీద పెద్ద వాదనే జరిగింది. నేను రావు పార్టీ, మా ఆవిడ మేరీ పార్టీ. మీరే తీర్పు చెప్పండి. – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: తీర్పు మీ ఆవిడ వైపే. ఏమీ అనుకోకండి.

మేరీ కోణంలోంచి చూడండి. ముక్కూమొహం తెలియని మగవాడితో ఊరుకాని ఊరు వచ్చింది. రోజంతా పరాయివాడి పెళ్లాంలా నటించాలి. తన దేవుణ్ణి, తన అలవాట్లని దాచుకోవాలి. ఇది కాక, ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లా అంటే కాదు, ప్రేమతో ఊపిరి సలపనివ్వరు, దానికి ఎదురు చెప్పడం ఇంకా కష్టం. కోపం రాదా మరి? సావిత్రి ఆ కోపాన్ని అరిచి చూపించదు, గమనించారా? కనుబొమ్మ కాస్త పైకి లేస్తుంది, మాట సగంలో తెగిపోతుంది, చటుక్కున మొహం తిప్పేసుకుంటుంది. పక్కనే జమీందారు గారు కనపడగానే అదే మొహం మీద భార్య నవ్వు పులుముకోవాలి. ఈ రెండు మొహాల మధ్య ఆవిడ మారే వేగం చూడటానికే నేను ఈ సినిమా పెట్టుకుంటాను. అప్పటికి ఆవిడకి నిండా ఇరవై ఏళ్లు దాటాయో లేదో.

ఇక ఎన్టీఆర్. 'పాతాళభైరవి'లో (1951) కత్తి పట్టిన తోటరాముడు ఇక్కడ గొంతు పెంచకుండా, ఆవిడ విసుర్లన్నీ పడుతూ, మధ్యమధ్యలో ఒక చిన్న చురక వేసి తప్పుకుంటాడు. ఆయన ఓర్పు లేకపోతే ఆవిడ కోపం నిలబడదు. ఇద్దరూ అరిస్తే అది వీధి గొడవ అయ్యేది. ఆయన తగ్గాడు కాబట్టి కామెడీ అయింది. తర్వాత్తర్వాత దేవుళ్ల వేషాలూ, రాజుల వేషాలూ వేసి వేసి ఆయనలో ఈ మెత్తని మనిషి మనకి అరుదుగానే కనిపించాడు, అదొక లోటు.

'రావోయి చందమామ' పాట ఇద్దరూ మళ్లీ వినండి. చాలామంది అది ప్రేమపాట అనుకుంటారు. కాదు, చందమామ దగ్గర పెట్టిన పంచాయితీ. ఆవిడ మతం ఆవిడదే, 'మనం' అనే మాట కూడా ఎదుట అననివ్వదు అని ఆయన ఫిర్యాదు. నాతో తగువు పడటమే ఆయనకి ముచ్చటేమో అని ఆవిడ ఫిర్యాదు. ఆ చివరి ఫిర్యాదు దగ్గరికొచ్చేసరికి పి.లీల గొంతులో విసుగు తగ్గి ఇంకేదో వచ్చి చేరుతుంది. ఆవిడకి ఆయనంటే ఇష్టం పుట్టిందని మనకి తెలిసిపోతుంది, ఆవిడకి మాత్రం ఇంకా తెలియదు. పాట రాసిన పింగళి నాగేంద్రరావు గారి పెన్ను అలాంటిది.

ప్రశ్న: మిస్సమ్మ వేషం మొదట భానుమతి గారిదని విన్నాను. ఆవిడే చేసి ఉంటే ఎలా ఉండేది? – పాఠకురాలు, విజయవాడ

జవాబు: విన్నది నిజమే. భానుమతి గారితో కొన్ని రీళ్లు తీశారు కూడా. ఆవిడ వరలక్ష్మీ వ్రతం చేసుకుని సెట్‌కి ఆలస్యంగా వచ్చారని, నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ అడగమన్నారని, ఆవిడ ససేమిరా అన్నారని పరిశ్రమలో ఇన్నేళ్లుగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఇద్దరూ తగ్గే రకం కాదు. దాంతో అప్పటిదాకా జమీందారు చిన్నకూతురు సీత వేషానికి అనుకున్న సావిత్రి మిస్సమ్మ అయింది, సీత వేషం జమునకి వెళ్లింది.

భానుమతి చేసి ఉంటే? ఆవిడ కోపంలో అధికారం ఉంటుంది, ఎదుటివాడు జంకుతాడు. రావు నిజంగానే భయపడేవాడు. సావిత్రి కోపం వేరు, దాని వెనక ఏడుపు దాక్కుని ఉంటుంది. నా ఓటు సావిత్రికే, కానీ ఆ తీసిన రీళ్లు ఎక్కడైనా దొరికితే అన్నం మానేసి చూస్తాను.

ప్రశ్న: 'దేవదాసు' చేసిన మా నాగేశ్వరరావు గారికి ఆ పిచ్చి డిటెక్టివ్ వేషం ఏమిటండీ? హీరో ఎన్టీఆర్, మావాడు సైడు. నాకిప్పటికీ మింగుడుపడదు. – ఒక అభిమాని, గుడివాడ

జవాబు: మీ బాధ అర్థమైంది. కానీ అది ఆయన కావాలని వేసిన వేషం. 1953లో 'దేవదాసు' వచ్చాక జనం ఆయన్ని మందుసీసా లేకుండా ఊహించుకోలేని పరిస్థితి. ఆ ముద్ర చెరుపుకోవడానికే ఈ వేషం వేశారు. స్టార్ అయ్యాక రెండో వేషం వెయ్యాలంటే గుండె ధైర్యం కావాలి, ఇప్పటి హీరోల్లో ఎంతమంది వేస్తారో మీరే చెప్పండి.

పైగా ఆ వేషం ఎంత తమాషా అయినదో చూడండి. తప్పిపోయిన పిల్లకి ఉన్న ఆనవాలు కాలి మీద పుట్టుమచ్చ. అంటే మన డిటెక్టివ్ గారు కేసు తేల్చాలంటే ఆడవాళ్ల కాళ్ల వంక చూస్తూ తిరగాలి! పరువు పోతుందన్న స్పృహ కూడా లేకుండా, ప్రపంచంలో తనంత తెలివైనవాడు లేడన్న ధీమాతో ఆయన చేసుకుపోతాడు. ఇదే సినిమా తమిళంలో (మిస్సియమ్మ, 1955) ఈ వేషం తంగవేలు వేశారు, హిందీలో (మిస్ మేరీ, 1957) కిశోర్ కుమార్ వేశారు. ఇద్దరూ నవ్వించడంలో ఆరితేరినవాళ్లే. ఒక్క తెలుగులోనే దాన్ని ఏడిపించడంలో పేరున్న స్టార్ హీరో చేశాడు. గుడివాడ వాళ్లు కాలరెగరేసుకోవాల్సిన విషయం ఇది.

ప్రశ్న: నేను క్రైస్తవురాలిని. సినిమా అంటే ఇష్టమే. కానీ చివర్లో మేరీ జమీందారు కూతురు మహాలక్ష్మే అని తేలడం నాకు ప్రతిసారీ గుచ్చుకుంటుంది. అంతసేపు నిలబెట్టిన సమస్యని అలా ఊదేశారేమిటి? – పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. రచయితలు అక్కడ వెనక్కి తగ్గారు. హిందూ అబ్బాయి, క్రిస్టియన్ అమ్మాయి ఇష్టపడ్డారు, ఇక పెళ్లెలా అన్న ప్రశ్న దాకా ధైర్యంగా తీసుకొచ్చి, పుట్టుమచ్చ చూపించి తప్పించుకున్నారు. 1955లో హాల్లో కూర్చున్న జనాన్ని ఇబ్బంది పెట్టకూడదనుకున్నారు కాబోలు.

ఒక్క మాట మాత్రం ఆ సినిమా తరఫున చెప్పనివ్వండి. మేరీ విశ్వాసాన్ని ఎక్కడా వెక్కిరించలేదు. 'కరుణించు మేరీమాత' పాటని సాలూరి రాజేశ్వరరావు గారు ఎంత ఆర్తిగా కట్టారో మీకు తెలియంది కాదు. పెంచిన తల్లిదండ్రుల్ని కూడా మర్యాదగానే చూపించారు. మన సినిమాల్లో ఆ తర్వాత చాలాకాలం పాటు క్రిస్టియన్ పాత్ర అంటే విలన్ డెన్‌లో డాన్స్ చేసే అమ్మాయే కదా. ఆ లెక్కన ఇది నయమే. అయినా మీ ఫిర్యాదు ఫిర్యాదే, దానికి నా దగ్గర సమాధానం లేదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. పిల్లలకి పెడితే పది నిమిషాల్లో ఫోన్లలోకి దూరిపోయారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: మొదటినుంచి పెట్టకండమ్మా. మేరీ, రావు ఆ ఇంట్లో చేరిన దగ్గర్నుంచి పెట్టండి. ముందు కథ మీరే చెప్పేయండి, ఎలాగూ ఇండియాలో బ్యాచిలర్లకి ఇల్లు అద్దెకి ఇవ్వరని వాళ్ల మావయ్యలో బాబాయిలో చెప్పే ఉంటారు, పెళ్లయిందని అబద్ధమాడి గది తీసుకోవడం వాళ్లకి వింతగా అనిపించదు. 'బృందావనమది అందరిది' పాట మాత్రం దాటవేయనివ్వద్దు. రావు పాడుతుంటే సీత ఆడుతుంటుంది, మధ్యలో "ఎందుకె రాధా ఈసునసూయలు" అంటాడు. పేరుకి రాధ, తగిలేది పక్కనున్న మేరీకి. ఆ క్షణంలో సావిత్రి మొహం చూపించి ఒక్కసారి పాజ్ చేయండి. ఆ మొహం పిల్లలకి అర్థం కావడానికి తెలుగు రానక్కర్లేదు. అప్పటికీ ఫోనే కావాలంటే వదిలేయండి, ముప్ఫై ఏళ్లొచ్చాక వాళ్లే చూస్తారు.

ప్రశ్న: 'ఆడువారి మాటలకు అర్థాలే వేరులే' పాట 'ఖుషి'లోది కదా, మిస్సమ్మలోది అంటారేంటి అంకుల్? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: 'ఖుషి' (2001) వాళ్లు తీసుకున్నది ఇక్కడినుంచే నాయనా. అసలు పాడింది ఏ.ఎం.రాజా. 2007లో ఆ వాక్యంతోనే వెంకటేశ్ సినిమా కూడా వచ్చింది. ఇంకో సంగతి, 2003లో 'మిస్సమ్మ' పేరుతో వచ్చిన సినిమా వేరు, పేరు తప్ప దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ప్రశ్న: చక్రపాణి గారు మా తెనాలి వారు. ఆయన పాత్ర గురించి ఎవరూ రాయరేం? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రాయాల్సిందే. కథకి మూలం రవీంద్రనాథ్ మైత్ర రాసిన బెంగాలీ నాటకం 'మన్మయీ గర్ల్స్ స్కూల్'. శరత్ నవలల్ని తెలుగులోకి తెచ్చిన చక్రపాణి గారికి బెంగాలీ సాహిత్యం ఇంటి వ్యవహారం. తెచ్చిన కథని ఎంత తెలుగు చేశారంటే అప్పాపురం కృష్ణా జిల్లాలోనో గుంటూరు జిల్లాలోనో ఉందేమో అనిపిస్తుంది. దర్శకుడు ఎల్వీ ప్రసాద్ కూడా హడావిడి లేని మనిషే. ఎక్కడా కెమెరాతో విన్యాసాలు చేయకుండా, మనుషుల్ని గదిలో సరిగ్గా నిలబెట్టి మాట్లాడనిచ్చారు. 'చంద్రహారం' (1954) దెబ్బతిన్నాక, ఈ సినిమా తీసిన విజయా ప్రొడక్షన్స్ వాళ్లని మళ్లీ నిలబెట్టింది ఇదే. 1955 జనవరి 12న, సరిగ్గా సంక్రాంతి ముందు విడుదలైంది.

ప్రశ్న: రంగారావు గారి గురించి ఒక్క మాట? – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆయన ఈ సినిమాలో అమాయకుడు. 'పాతాళభైరవి' మాంత్రికుణ్ణి చూసిన కళ్లతో ఈ గోపాలాన్ని చూస్తే నమ్మబుద్ధి కాదు. ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషిగా అంత భారీ విగ్రహాన్ని పెట్టడమే సగం హాస్యం.

ప్రశ్న: 'మాయాబజార్'కి 2010లో రంగులు వేశారు కదా, దీనికీ వేస్తే కొత్తతరం చూస్తుందేమో? – పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దండీ. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లే స్టూడియోలో లైట్లతో పండించిన వెన్నెల నలుపు తెలుపుల్లోనే వెన్నెల. దాని మీద నీలం పూస్తే ట్యూబ్‌లైటు అవుతుంది. ఆ డబ్బేదో పెట్టి ప్రింటు మీద గీతలు తుడిచి, పాటల దగ్గర సౌండు సరిచేయిస్తే కొత్తతరమూ చూస్తుంది, మాలాంటి పాతవాళ్లం ఇంకోసారి టికెట్టు కొంటాం.